చలికాలపు విడిది – ఊరి కట్టుబాటు



నేడు నేను ముచ్చటింపబూనినది చలికాలపు విడిదిని గూర్చి. వేసవిలో చల్లని తావులకు పోవుట మనమెరిగినదే. చలికాలమున, అందును మోకాలిబంటిగా మంచు పడు కొండయూరికి, సొమ్ము వెచ్చించి పోవుదురన్నచో మన పల్లెలలో ముసలివారు నవ్వుదురు. అయినను ఐరోపాఖండమున ఆల్ప్స్ పర్వతములలోని చిన్న యూళ్లనేకము అట్టి యతిథుల వలననే బ్రతుకుచున్నవి. ఆ యూళ్లనుండి మన వేదాద్రివంటి క్షేత్రములు నేర్వదగిన దొకటి కలదు. దానిని చెప్పుటకే యీ ప్రసంగము.

160 ఏండ్లకు పూర్వము ఆ కొండయూళ్లకు చలికాలము చెరసాల వంటిది. దారులు మంచుతో మూసికొనిపోయెడివి. పశువులను కొట్టములలో కట్టి, వేసవిలో కోసి యెండబెట్టిన గడ్డి వేసి, రొట్టెయు జున్నును తినుచు, మంచు కరగువరకు జనులు ఇంటిపట్టున నుండెడివారు. పనిలేక పలువురు పొట్ట చేతబట్టుకొని పరదేశములకు పోయెడివారు. 1864వ సంవత్సరమున సెయింట్ మోరిట్జ్ అను నూర పూటకూళ్లయిల్లు నడుపు యోహానెస్ బాద్రుట్ అను నతడు, వేసవి గడిపి స్వదేశమునకు మరలుచున్న కొందరు ఇంగ్లీషువారితో ఒక పందెము వేసెనని చెప్పుదురు. చలికాలమునను తమ యూర చక్కని యెండ కాయుననియు, వచ్చి చూడుడనియు, తన మాట తప్పైనచో వారి రాకపోకల వ్యయమును తానే యిచ్చుకొందుననియు నాతడనెనట. వారు క్రిస్మసునకు వచ్చి ఈస్టరు పండుగ వరకు కదలలేదట. మరుసటి యేడు, 1865లో, దావోస్ అను మరియొక యూరికి క్షయరోగులు చలికాలపు పొడిగాలిని కోరి వచ్చిరి. అది మొదలు ఆ యూళ్ల దశ తిరిగెను.

పిమ్మట నార్వేదేశమునుండి స్కీ అను సాధనము ఆల్ప్సునకు వచ్చెను. అది నిలువెత్తు పొడవును, జానెడుకన్న తక్కువ వెడల్పును గల పలకల జత. ముందుకొన పైకి వంగియుండును. వానిని పాదములకు బిగించి, రెండు చేతులను ఊతకర్రలు పట్టి, మంచువాలుపై జారుదురు. మనిషి బరువు పలక యంతటను పరచుకొనుటచే కాలు మంచులో దిగబడదు. నార్వేవారికది ఊరినుండి యూరికి తిరుగు సాధనము. ఆల్ప్సులో నది వినోదమాయెను. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయిల్ 1894లో దావోసునుండి కొండ దాటి అరోసాకు స్కీలపై పోయెను. 1924లో ఫ్రాన్సుదేశపు షామొనీలో మొదటి శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగెను. 1934లో దావోసున, జారువారిని త్రాటితో వాలుపైకి లాగు యంత్రమును నెలకొల్పిరి. ఎక్కు శ్రమ తగ్గెను, జారువారు పెరిగిరి. చెరసాలయైన ఋతువే పంటకాలమాయెను.

మనకు మంచువాలు లేదు. కాని చలికాలమున ఇల్లు విడిచి ఒక చిన్న కొండయూర నాలుగు దినములు నిలుచుట మనకు క్రొత్తగాదు. క్షేత్రమున నిద్రచేయుట యని మనము దానికి పేరు పెట్టుకొంటిమి. కృష్ణా మండలపు మెట్టప్రాంతమున అట్టి తావులలో వేదాద్రి యొకటి. విజయవాడనుండి హైదరాబాదు పోవు రహదారిపై నందిగామ దాటి, జగ్గయ్యపేట చేరకమునుపే చిల్లకల్లు వద్ద దక్షిణముగా తిరిగినచో కృష్ణయొడ్డున ఆ యూరు కానవచ్చును. 2022లో జిల్లాలను విభజించినప్పుడు అది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. సోమకాసురుడు హరించిన వేదములను శ్రీమహావిష్ణువు మత్స్యరూపమున తెచ్చెననియు, ఆ వేదములు స్వామి సన్నిధిని కొండయై నిలిచెననియు స్థలపురాణము. కొండమీద జ్వాలానరసింహుడు, నదిలో సాలగ్రామ నరసింహుడు, ఆలయమున యోగానంద నరసింహుడును లక్ష్మీనరసింహుడును, సమీపమున గరుడాద్రిపై వీరనరసింహుడు. ఇట్లు కొండయు నేరును ఆలయముతో పాటు దైవస్థానములే.

గత ధనుర్మాసమున నేనచ్చట నాలుగు దినములుంటిని. తెల్లవారుజామున ఆ ప్రాంతమున చలి 15, 16 డిగ్రీలకు దిగును. ఆల్ప్సువారికది వసంతము, మనకది కంబళి కప్పుకొను కాలము. ఏటిమీద మంచు పొగవలె కప్పియుండగా ముసలివారు సైతము వణకుచు మునుగుచుండిరి. గుడిలో తిరుప్పావై వినబడుచుండెను. వేడి పొంగలి దొప్పలలో పంచిపెట్టిరి. ప్రొద్దెక్కిన పిమ్మట బయటికి వచ్చినచో, మిరపచేలు ఎర్రబారుచుండెను; పత్తిచేలలో కూలివారు తీతకు దిగియుండిరి. పట్టణమునుండి వచ్చిన యొక కుటుంబమువారి పిల్లలు మిరపకాయ చెట్టుననుండుట అదే తొలిసారి చూచుట. వారు కొండయెక్కి దిగి, సాయంకాలము చలిమంట చుట్టును చేరి, మరియొక దినముండి పోవుదమని పెద్దలను వేడుచుండిరి. వారి బసకును, భోజనమునకును, కొబ్బరికాయలకును, ఆటోకును వెచ్చించిన సొమ్ము ఊరివారి చేతికే వచ్చినది. చలికాలపు అతిథి వేదాద్రికిని అన్నదాతయే యని నాకప్పుడు తోచినది.

అతిథి వచ్చుట మేలే. వచ్చిన యతిథిని ఊరు నిలుపుకొనుట యెట్లు? ఈ ప్రశ్నకు ఆల్ప్సులో ఆందర్మాట్ అను నొక చిన్న యూరు చక్కని యుత్తరము చెప్పుచున్నది. స్విట్జర్లాండు దేశమున సముద్రమట్టమునకు సుమారు 1,440 మీటర్ల యెత్తున నది యున్నది. గొథార్డు, ఫుర్కా, ఓబరాల్ప్ అను మూడు కనుమదారులు కలియు చోటు. బాటసారులు ఆగుటచే నది పూర్వమునుండి బ్రతికెను. 1882లో గొథార్డు రైలుసొరంగము ఆ యూరి క్రిందుగా తెరవబడెను. బాటసారులు ఆగుట మానిరి. పిమ్మట చలికాలపు స్కీ యతిథులే యా యూరికి ఆదరువైరి.

ఆ యూరికి పైన నిటారైన వాలు కలదు. అట్టి వాలున పేరుకొన్న మంచు ఒక్కొకప్పుడు పట్టు తప్పి, కొండచరియ విరిగినట్లు ఒక్కుమ్మడి దొరలివచ్చి, యిండ్లను మనుష్యులను కప్పివేయును. చెట్లు దట్టముగా నున్నచో మంచు జారకుండ మ్రానులే పట్టి నిలుపును. ఆ లోయ యంతయు చాలవరకు చెట్లు లేని బయలు. ఊరి నెత్తిమీద మాత్రము త్రికోణాకారమున చిన్న యడవి మిగిలియుండెను. 1397లో ఆ లోయపెద్దలు కూడి యొక శాసనము వ్రాసికొనిరి. ఆ యడవిలో చెట్టు కొట్టరాదు, కొమ్మనైనను, రాలిన కాయనైనను తేరాదు, తప్పినవారికి దండువు. చలికి వంటచెరకు ప్రాణముతో సమానమైన దేశమున, కంటియెదుట నున్న కట్టెను ముట్టకుండుట యెంతటి నిగ్రహమో యోచింపుడు. నాటికి స్కీ లేదు, విడిదియిండ్లు లేవు. ఎన్నడో రాబోవు అతిథి వారి కలలోనైనను లేడు. తమ బిడ్డలు నిద్రలో మంచుక్రింద పడి చావరాదనియే వారి కోరిక. ఆ యడవి నేటికిని నిలిచి, ఊరివారితో పాటు విడిదికి వచ్చినవారికిని కాపు కాయుచున్నది.

అంత జాగ్రత్తపడినను ఆపద లేకపోలేదు. 1951 జనవరిలో ఆల్ప్సునందంతటను మంచుచరియలు విరుచుకొని పడి, ఆందర్మాటులోను ప్రాణనష్టము కలిగెను. అందుచే వారు అడవితో తృప్తి చెందక, వాలులపై అడ్డుకట్టలు కట్టిరి. స్విట్జర్లాండు దేశమున 1945 నుండియే మంచుచరియల ప్రమాదమును గూర్చి హెచ్చరిక పత్రము వెలువడుచున్నది. నేడు దానిలో ప్రమాదమునకు అయిదు మెట్లు కలవు. మెట్టు పైదైన దినమున వాలును మూసివేయుదురు. అతిథి సొమ్మిచ్చినను, కోపించినను, తలుపు తెరవరు. ఆ దినపు రాబడి పోవును. ఊరి పేరు నిలుచును.

ఊరు కాపాడలేనిది కూడ నొకటి కలదు. లోకమంతయు వేడెక్కుటచే ఆల్ప్సులో మంచు తగ్గుచున్నది. 2022, 2023 అను రెండేండ్లలోనే స్విట్జర్లాండు హిమానీనదములు తమ మంచులో పదియవ వంతును కోల్పోయెను. తక్కువ యెత్తుననున్న యూళ్లలో స్కీ యంత్రములు కొన్ని మూతపడినవి. మరికొన్నింట నీటిని చిమ్మి కృత్రిమపు మంచు చేయుచున్నారు. ఒక్క మంచునే నమ్ముకొన్న యూరు మంచు పోయినచో చేయునదేమి? కావున అతిథిరాబడి పొలమునకు తోడుగా నుండవలెనేగాని పొలమును మ్రింగరాదు.

ఇక మన వేదాద్రి సంగతి. చలికాలపు అతిథులను కోరు మనయూళ్ల పెద్దలకు మూడు కట్టుబాట్లను మనవి చేసెదను.

మొదటిది కొండ. జగ్గయ్యపేట ప్రాంతపు నేల సున్నపురాతికి ప్రసిద్ధము. చుట్టును సిమెంటు కర్మాగారములు వెలసినవి. వానివలన పలువురకు పని దొరకుచున్నది. దానిని నేను కాదనను. కాని యే నేలను త్రవ్వవచ్చునో, యే కొండను తాకరాదో, ఏ వాలున చెట్టు కొట్టరాదో ఊరు ముందుగా నిశ్చయించుకొని వ్రాసియుంచవలెను. బేరము వచ్చిన పిమ్మట యోచించుట ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుటయే.

రెండవది ఏరు. వేదాద్రికి ఎగువను పులిచింతల వద్ద కె.ఎల్. రావు సాగరమను జలాశయము కలదు. అచ్చట నీరు విడిచినచో దిగువ రేవులలో మట్టము పెరుగును. 2021 ఆగస్టులో ఆ యానకట్ట తలుపొకటి కొట్టుకొనిపోగా దిగువ గ్రామములను హెచ్చరింపవలసి వచ్చెను. నిన్న మోకాలిలోతున్న చోటు నేడు నడుములోతు కావచ్చును. ఊరివారికి ఏటి పోకడ తెలియును, అతిథికి తెలియదు. మునుగదగిన హద్దున గుంజలు పాతి గొలుసు కట్టుట, పర్వదినములలో ఈతగాండ్రను రేవున నిలుపుట, నీరు పెరిగిన దినమున రేవు మూయుట ఊరి విధి.

మూడవది దారి. 2020 జూన్ 17న వేదాద్రి సమీపమున, దైవదర్శనము చేసికొని ట్రాక్టరుపై మరలుచున్న ఖమ్మము జిల్లా కుటుంబములవారిని లారీ ఢీకొనగా పదిమందికి పైగా మరణించిరి. అందు పిల్లలును ఉండిరి. మ్రొక్కు తీర్చుకొన బయలుదేరినవారు మరల ఇల్లు చేరలేదు. ట్రాక్టరు తొట్టి ధాన్యమునకును ఎరువునకును గాని మనుష్యులకు గాదు. బస్సు దొరకదనియు, అందరు కలిసి పోవుట చౌకయనియు మనవారందురు, అది నిజమే. అయినను మ్రొక్కుబడికి జనమును తొట్టిలో నెక్కించి పంపరాదని ప్రతి యూరును నిశ్చయించుకొని, పదిమంది కలిసి బస్సు మాటాడుకొన్నచో ఎన్ని ప్రాణములు దక్కును! ఈ కట్టుబాటు వేదాద్రి వారిది మాత్రమే కాదు. అచ్చటికి బయలుదేరు ప్రతి గ్రామమువారిది.

పెద్దలారా, ప్రభుత్వమువారు రోడ్డు వేయుదురు, దీపములు పెట్టుదురు; దేవస్థానమువారు సత్రములు కట్టుదురు. కాని ఊరు తనంతట తాను చేసికొన్న కట్టు తరతరములు నిలుచును. ఆందర్మాటులో నది ఆరువందల యేండ్లకు పైగా నిలిచినది. అందుకు వలసినవి రచ్చబండపై కూర్చుండు పెద్దలు, ఒక కాగితము, పెట్టిన దండువును తమవారికైనను తప్పక వేయు ధైర్యము. రానున్న కార్తికమునకు ముందే మీ మీ యూళ్లలో ఈ మాట యెత్తుడు. అతిథి మన యూరికి వచ్చి క్షేమముగా ఇల్లు చేరిననాడే మనము చేసిన మర్యాద పూర్తి యగును.