కుర్చీ దొరికితె హక్కు దొరికినట్టేనా?

(తెలంగాణ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభ పెద్దలు నాకు అప్పజెప్పిన ముచ్చట: పడమటి ప్రజాస్వామ్య దేశాల్ల మైనారిటీ జాతులోళ్లకు దేశాన్ని ఏలే కుర్చీ దక్కుతదా? ఇది మనకు సంబంధం లేని ముచ్చట అనుకోవద్దు. తలకాయలు లెక్కబెట్టి నడిచే వ్యవస్థల, సంఖ్యల తక్కువున్నోళ్లు ఎట్ల గెలవాలె? 1956 నుంచి మనం అడిగిన ప్రశ్న ఇదే కద.

ముందుగాల్ల బ్రిటన్ సంగతి జూద్దాం. దాదాభాయి నౌరోజీ 1886ల లండన్‌ల హోబర్న్ నుంచి నిలవడి ఓడిపోయిండు. 1888ల ప్రధానమంత్రి సాలిస్‌బరీ, నల్లవాణ్ని గెలిపించే కాడికి ఇంగ్లీషోళ్లు ఇంకా రాలేదన్న అర్థం వచ్చేటట్టు బహిరంగ సభలనే మాట్లాడిండు. 1892ల సెంట్రల్ ఫిన్స్‌బరీ ఓటర్లు ఆయనకు జవాబు చెప్పిన్రు. నౌరోజీ గెలిచిండు. మెజారిటీ ఎంత? ఐదు ఓట్లు.

ఆ ఐదు ఓట్ల నుంచి రిషి సునాక్ ప్రధాని అయిన 2022 అక్టోబర్ 25 దాక లెక్కబెట్టండి. 130 ఏండ్లు! ఆ 130 ఏండ్లు ఖాళీగ గడవలేదు. వలసొచ్చినోళ్లు ఫ్యాక్టరీలల్ల, దవాఖానలల్ల, బస్సులల్ల పని జేసిన్రు. 1980లల్ల లేబర్ పార్టీల నల్లజాతి కార్యకర్తలు మాకు ప్రత్యేక విభాగం కావాలె అని సొంత పార్టీ నాయకత్వంతోనే కొట్లాడిన్రు. 1987ల డయాన్ అబాట్, పాల్ బోటెంగ్, బెర్నీ గ్రాంట్, కీత్ వాజ్ ఒక్కసారే పార్లమెంటుకు పోయిన్రు. సునాక్ వేరే పార్టాయన కావచ్చు. గని తొవ్వ ఏసినోళ్లు వీళ్లు.

ఇగ కుర్చీ ఏ తలుపు నుంచి వచ్చిందో జూడాలె. 2022 ఎండాకాలంల కన్జర్వేటివ్ ఎంపీల ఆఖరి ఓటింగ్‌ల సునాక్‌కు 137, లిజ్ ట్రస్‌కు 113 వచ్చినయ్. తీర్పు పార్టీ సభ్యుల చేతికి పోంగనే తారుమారైంది. ట్రస్‌కు 57 శాతం, సునాక్‌కు 43 శాతం. ఏడు వారాలల్ల ట్రస్ బడ్జెటు దేశపు ఖజానాను ఆగం జేసినంక, ఎంపీలు సునాక్‌ను పోటీ లేకుంట కూసోబెట్టిన్రు. ఐర్లండ్‌ల లియో వరాద్కర్ కథ సుత ఇసొంటిదే. ఆయన తండ్రిది మహారాష్ట్ర. 2017ల పార్టీ సభ్యుల ఓట్లల్ల మూడింట రెండొంతులు ఆయన ప్రత్యర్థికే పడ్డయ్. పార్టీ ఎంపీల బలంతోని వరాద్కర్ ప్రధాని అయిండు.

అంటె పైనోళ్లు ఒప్పుకున్నంత తొందరగ కింది కార్యకర్తలు ఒప్పుకోలేదా? ఒక్క రంగు జూసే ఓటేసిన్రని నేను అనను. పన్నుల మీద, పాత ప్రధాని మీద పంచాయితీలు ఉండె. ఈ లెక్కకు ఎదురు ఉదాహరణ కూడ ఉన్నది. 2024 నవంబర్ 2న అదే కన్జర్వేటివ్ సభ్యులు నైజీరియా సంతతి ఆడబిడ్డ కెమీ బేడెనాక్‌ను పార్టీ నాయకురాలుగ ఎన్నుకున్నరు. గని ఒకటి యాది పెట్టుకోండి. ఇల్లు అంటుకున్నంక నీళ్ల బిందె చేతికిచ్చి పెద్దరికం అప్పజెప్పుడు వేరు, ఇల్లు సల్లగున్నప్పుడు పిలిచి పీట ఏసుడు వేరు. సునాక్‌కు దొరికింది మొదటిది. 2024 జూలై 4 ఎన్నికలల్ల ఆయన పార్టీ 121 సీట్లకు పడిపోయింది.

కుర్చీకి ధర కూడ ఉంటది. ఆశ్రయం కోరి పడవలల్ల వచ్చినోళ్లను రువాండాకు పంపాలన్న పథకం 2022 ఏప్రిల్‌ల వచ్చినప్పుడు హోంమంత్రి ప్రీతి పటేల్. ఆమె అమ్మనాయినలు యుగాండా నుంచి వచ్చిన్రు. తర్వాత దాన్ని నెత్తినెత్తుకున్నది సుయెల్లా బ్రేవర్మన్. ఆమె తండ్రి కెన్యా నుంచి, తల్లి మారిషస్ నుంచి వచ్చిన్రు. 2024 ఏప్రిల్‌ల దానికి చట్టం జేసింది సునాక్ సర్కార్. నిచ్చెన ఎక్కినోళ్లే నిచ్చెన గుంజేసిన్రు. నేను మీవాణ్నే అని మెజారిటీకి దినాం రుజువు జేసుకోవాల్సిన నాయకుడు, తనోళ్ల మీదనే ఎక్కువ కటువుగ ఉంటడు.

అమెరికా తీరు వేరు. అక్కడ ఎంపీలు కూసోబెడితె నడవది, జనం కాడికి పోవాలె. 1965ల ఓటుహక్కు చట్టం వచ్చినంకనే దక్షిణ రాష్ట్రాల నల్లజాతి జనం నిజంగ ఓటరు జాబితాల్లకు ఎక్కిన్రు. 1972ల షిర్లీ చిజమ్, 1984ల, 1988ల జెస్సీ జాక్సన్ డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం కొట్లాడి ఓడిపోయిన్రు. ఆ ఓటములు పోసిన పునాది మీద 2008 జనవరిల బరాక్ ఒబామా, నూటికి తొంబై మంది తెల్లోళ్లున్న అయోవాల మొదటి పోటీ గెలిచిండు. నవంబర్‌ల అధ్యక్షుడైండు. ఎగ్జిట్ పోల్స్ లెక్కన తెల్లోళ్ల ఓట్లల్ల ఆయనకు పడ్డవి 43 శాతమే. తక్కినోళ్లందరు ఒక్కటై నిలవడ్డందుకే గడ్డెక్కిండు. మైనారిటీ గెలుపుకు పొత్తు తప్ప వేరే తొవ్వ లేదనే పాఠం అది.

రెండో పాఠం ఇంకా చేదు. ఒబామా కుర్చీల ఉండంగనే, 2013 జూన్ 25న సుప్రీంకోర్టు ఆ 1965 చట్టం నడుము ఇరగ్గొట్టింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నియమాలు మార్చాలంటె కేంద్రం అనుమతి అడగాలన్న కట్టడి ఆ తీర్పుతోని పనిజేయకుంటయింది. మనోడు వైట్‌హౌస్‌ల ఉండె, మన చట్టం కోర్టుల పాయె!

2021ల ఉపాధ్యక్షురాలైన కమలా హారిస్ 2024ల అధ్యక్ష పదవికి నిలవడి ఓడింది. దాంతోని తలుపు మూసుకపోయిందని అనుకోవద్దు. మన హైదరాబాద్‌ల పుట్టిన అరుణా మిల్లర్ 2022 ఎన్నికల్ల మేరీలాండ్‌కు, హైదరాబాద్‌లనే పుట్టిన గజాలా హష్మీ 2025 ఎన్నికల్ల వర్జీనియాకు లెఫ్టినెంట్ గవర్నర్లుగ గెలిచిన్రు. కింది మెట్లు నిండితెనే పై మెట్టుకు మనిషి దొరుకుతడు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. 1969 ఉద్యమం తర్వాత 1971ల తెలంగాణ ప్రజా సమితి 14 ఎంపీ సీట్లల్ల 10 గెలిచింది. దాని నాయకుడు మర్రి చెన్నారెడ్డి 1978ల ముఖ్యమంత్రి అయిండు. 1991 నుంచి 1996 దాక మన పీవీ నరసింహారావు దేశానికే ప్రధాని. మనోళ్లు పెద్ద కుర్చీలల్ల కూసున్నరు, రాష్ట్రం మాత్రం రాలేదు. అది 2014 జూన్ 2న వచ్చింది. తెచ్చింది రోడ్డెక్కిన జనం, ప్రాణాలిచ్చిన పిల్లలు.

అందుకే నాకిచ్చిన ప్రశ్నకు నా జవాబు: దక్కుతది, ఇంకా మంది కూసుంటరు. మీరు మాత్రం ఎవరు కూసున్నా మూడు ముచ్చట్లు అడగండి. ఏ తలుపు నుంచి వచ్చినవ్? ఏం ధర కట్టి వచ్చినవ్? నువ్వు దిగిపోయినంక మాకు మిగిలే చట్టం ఏంది? మనోడు గెలిస్తె డప్పు కొట్టుర్రి, తప్పులేదు. డప్పు ఆగినంక ఆ మూడో ప్రశ్న గట్టిగ అడుగుర్రి. తెలంగాణ వచ్చినంక కూడ ఆ ప్రశ్న అడిగే సోయి మనకు ఉండాలె.

జై తెలంగాణ!