తాలు మనకు, ఎరుపు వాళ్లకా?

(మృగశిర కార్తెలో, పల్నాటి గూడెంలో జరిగిన మిర్చి కూలీ మహిళల సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

ఇవాళ మిరపకాయ గురించి మాట్లాడదామని వచ్చాం. "మిరపకాయ గురించి పంతుళ్లు మాకు చెప్పేదేంది?" అని మీరు నవ్వుకోవచ్చు. నిజమే. నారు పోసేది మీరు. మొక్క నాటేది మీరు. కలుపు తీసేది, కాయ కోసేది, కల్లంలో ఆరబోసి తాలు ఏరేది, తొడిమ తీసేది మీరు. గుంటూరు యార్డులో టిక్కీలు మోసేవాళ్లలో మనోళ్లున్నారు. మిరపకాయ సంగతి మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మరి ఆ టిక్కీలో ఉన్న ఎర్రకాయ మన ఇంటి రోట్లోకి ఎందుకు రాలేదు? ఇదొక్కటే మా ప్రశ్న.

మా ఇళ్లల్లో పలక పట్టిన మొదటి తరం మాది. మా అమ్మలు కోతలకు పోయి సాయంత్రం కొంగున కట్టుకొచ్చింది తాలుకాయలే. ఆసామి ఎర్రకాయంతా సంచుల్లోకి ఎత్తించి, తెల్లబడ్డవీ మచ్చపడ్డవీ చూపించి "పట్టకపోండే" అనేవాడు. అదో పెద్ద దయ కింద లెక్క. ఆ తాలులో ఉప్పు, చింతపండు, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి దంచితే వచ్చే కారం ఎర్రగా ఉండదు, పాలిపోయిన ఇటుక రంగులో ఉంటది. అదే మాకు కూర. పొద్దున గంజిలో అదే, రాత్రి వేడన్నంలో అదే. బళ్లో అన్నం గిన్నె మూత తీస్తే "కారం మెతుకులోళ్లు" అని పక్క పిల్లలు నవ్వేవాళ్లు. ఒక అయ్యవారైతే "కారం ఎక్కువ తింటారు గనకే మీకు కోపాలెక్కువ" అన్నాడు. అందరితోపాటు మేమూ నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో అడ్డం పడతానే ఉంది.

ఆ మాట ఆయన సొంతం కాదని పెద్దయ్యాక తెలిసింది. భగవద్గీత 17వ అధ్యాయంలో తిండిని మూడు రకాలు చేశారు. కారం, పులుపు, ఉప్పు ఎక్కువైంది రాజసం అన్నారు. నిలవది, రుచి చచ్చింది, ఎంగిలిది తామసం అన్నారు. అయ్యా, ఆ ఎంగిలి ఎవరు పెట్టారు? ఆ చద్ది ఎవరి దొడ్డివాకిట్లో మన దోసిట్లో పడింది? పెట్టినోడు సాత్వికుడు, ఆకలికి తిన్నోడు తామసుడు! ఇదెక్కడి న్యాయం?

ఇంకో సంగతి వినండి. ఆ మాటలు రాసిననాటికి మన దేశంలో మిరపకాయే లేదు. అప్పటి కారం మిరియంది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతపు ఆదివాసులు వేల ఏళ్ల కిందటే దాన్ని అడవి నుంచి తెచ్చి సాగులోకి తీసుకున్నారు. 1492లో కొలంబస్ మిరియాల కోసమని బయలుదేరి అక్కడ తేలాడు. 1498లో వాస్కో డ గామా మన పడమటి తీరానికి వచ్చాడు. ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో మిరప ఇక్కడికి చేరింది. మిరియం డబ్బున్నోడు కొనుక్కునే సరుకు. మిరప అట్లా కాదు. ఒక్క కాయ చిదిమి చల్లితే పెరడంతా మొలిచింది. పేదోడి ఇంటికి నడిచొచ్చిన కారం అది. ఇప్పటికీ చాలా ఇళ్లల్లో తద్దినం వంటలో మిరపకాయ వెయ్యరు, మిరియమే వేస్తారు. మనల్నే కాదు, మిరపకాయనీ వాకిట్లోనే నిలబెట్టారన్నమాట!

అట్లాగని కారం మెతుకులు తినడమే మన గొప్ప అని చెప్పడానికి మేం రాలేదు. ఇది జాగ్రత్తగా వినండి. కారం ఎందుకు తిన్నాం? కూర లేక తిన్నాం. చిటికెడు కారంతో పిడికెడు మెతుకులు లోపలికి పోతాయి గనక తిన్నాం. పప్పు, గుడ్డు, మాంసం, ఆకుకూర దక్కని చోట కారం ఆకలిని ఏమార్చింది గానీ ఒంటికి బలం ఇయ్యలేదు. రక్తం లేక తెల్లబడ్డ మన ఆడపిల్లల మొహాలు చూస్తే చాలు. కారాన్ని కూర పక్కన పెట్టుకుందాం, కూర బదులు కాదు.

పక్కన పెట్టుకుంటే దానికి మంచి గుణముంది. పచ్చిమిరపకాయలో సి విటమిన్ దండిగా ఉంటది. హంగరీ శాస్త్రవేత్త సెంట్ గ్యోర్గీ ఆ విటమిన్‌ను పెద్ద మొత్తంలో తీసింది అక్కడి మిరప జాతి కాయల్లోంచే. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆకుకూరలో, రాగుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే ఈ విటమిన్ సాయపడతది. ఎండబెడితే చాలావరకు పోతది. అందుకే తోటకూరలో రెండు పచ్చికాయలు, కాస్త నిమ్మరసం. ఇది మందుల షాపులో కొనాల్సిన పని లేదు.

కారం గింజలో ఉంటదని చాలామంది అనుకుంటారు. గింజలో కాదు, గింజలు అంటుకునుండే తెల్లటి పొరలో పుడతది. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతది. అందుకే కోత కోసి వచ్చి ఎన్ని నీళ్లతో కడిగినా చేతుల మంట పోదు. పనికి ముందే చేతులకు నూనె రాసుకోండి. వచ్చాక మళ్లీ నూనెతో రుద్ది, సబ్బుతో కడగండి. ఆ తర్వాతే బిడ్డకు పాలియ్యండి. నోరు మండితే నీళ్లకంటే మజ్జిగ మేలు.

ఇప్పుడు కొట్లో దొరికే కారం సంగతి. 2003లో మన దేశం నుంచి యూరప్‌కు పోయిన కారంలో సూడాన్ అనే రంగు దొరికింది. అది బట్టలకూ మైనానికీ వాడే రంగు, తిండిలో నిషేధం. వాళ్లు వెంటనే పరీక్షలు పెట్టి సరుకు ఆపేశారు. మన గూడెం కొట్లో పది రూపాయల పొట్లాన్ని ఎవరన్నా పరీక్ష చేశారా? మనం ఏరి పక్కన పోసిన తాలుకే రంగేసి మళ్లీ మనకే అమ్మితే ఎవరిని అడుగుతాం?

అందుకే చెప్తన్నాం. ఇంటికి నాలుగు మిరప మొక్కలు పెంచుకుందాం. పొలం లేదు, సరే. పగిలిన బకెట్ ఉంది, సిమెంటు సంచి ఉంది. అడుగున చిల్లులు పెట్టి మట్టి, చివికిన పెంట, కాస్త ఇసుక కలిపి నింపండి. బాగా పండిన మంచికాయ గింజ తీసి నీడన ఆరబెట్టి ఈ కార్తెలో చల్లితే నెలా పది రోజులకు నారు అందుతది. ఎండ బాగా తగిలే చోట పెట్టండి. నీళ్లు నిలవనియ్యొద్దు. నాటిన రెండు నెలలకు పచ్చికాయ చేతికొస్తది. ఆకు పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి, ఇది మీకు తెలిసిందే. లీటరు నీళ్లకు యాభై గ్రాముల వేపగింజల పప్పు దంచి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు నీళ్లు కలిపి చల్లండి. చేలో కొట్టే మందు ఇంటి మొక్కకు తేవొద్దు. చేలో ఎంత కొట్టారో మీ కళ్లతో చూశారు. 2021-22లో కొత్తరకం తామరపురుగు వచ్చినప్పుడు మందు మీద మందు కొట్టినా తోటలు నిలవలేదు. కౌలుకు చేసిన మనోళ్లు అప్పులపాలయ్యారు. కోతలు లేక మీకు కూలి పోయింది.

నాలుగు మొక్కలతో కులం పోతదా, కూలి పెరుగుతదా? పోదు, పెరగదు. ఆ సంగతి మాకు తెలుసు. ఆ కొట్లాట వేరే ఉంది. కోతల కాలంలో మా హాజరుపట్టీల్లో మన పిల్లల పేర్లకెదురుగా వరసగా గైర్హాజరు పడతది. కర్నూలు పడమటి పల్లెల నుంచి వలసొచ్చిన కుటుంబాల పిల్లలు చేను గట్టున చెల్లెళ్లను ఆడిస్తా కూర్చుంటారు. వాళ్ల ఊళ్లో బడి ఉంది, ఇక్కడా బడి ఉంది, వాళ్లు మాత్రం రెంటికీ లేరు. కాటా దగ్గర న్యాయం, చేతులకు తొడుగులు, తాగే నీళ్లు, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి, వలస పిల్లలకు బడీ హాస్టలూ కావాలి. ఇవి అడగాల్సిన చోట అందరం కలిసి అడుగుదాం.

కానీ అడిగే మనిషికి ముందు తన మీద తనకు గౌరవం ఉండాలి. తాలు మనకు, ఎరుపు వాళ్లకు అన్న మాట మన మనసులో కూడా నాటుకుపోయింది. మొన్న ఒక అక్క ఇంట్లో మంచికాయ ఉంటే "ఇది చుట్టాలకు, మాకు తాలు చాల్లే" అంది. ఆ మాటకే మాకు ఎక్కువ బాధేసింది. ఎవరూ చూడని ఇంట్లో కూడా తాలే తినాలని మనకు నేర్పిందెవరు?

ఇదిగో, ఈ పొట్లాల్లో గింజలు తెచ్చాం. మన గూడెంలోనే మా బడిపిల్లలు బకెట్లలో పెంచిన చెట్లవి. తలా ఒకటి తీసుకోండి. వచ్చే ఏడు మీరు ఇంకో నలుగురికి ఇయ్యాలి. మొదటి ఎర్రకాయ ఎవరికీ దాచొద్దు. దంచి, నూనె వేసి, వేడన్నంలో పప్పుతోనో గుడ్డుతోనో కలిపి ముందు మీ ఆడపిల్లకు పెట్టండి. పెట్టి, మర్నాడు దాన్ని బడికి పంపండి.

జై భీమ్.