గంటల వాద్యము

విజయనగరము నడిబొడ్డున ఎనిమిది పలకలుగా 68 అడుగుల ఎత్తు లేచిన గంటస్తంభమును ఎరుగనివారు మన ప్రాంతమున అరుదు. గడియారపు గంట మనకు వేళ చెప్పును గాని పాట పాడదు. గంటలచేత పాట పాడించు విద్య ఐరోపాలో వేరుగా కలదు. ఆ వాద్యమును కారిలాన్ అందురు.

చర్చి గోపురముపైన కనీసము 23 కంచు గంటలను కదలకుండ బిగింతురు. గంట ఊగదు, లోపలి నాలుక మాత్రమే కదలును. నాలుకకు కట్టిన తీగ క్రింది గదిలోని కొయ్యమీటకు వచ్చి చేరును. వాద్యకారుడు పిడికిళ్లతో ఆ మీటలను మోదును. పెద్ద గంటలకు కాలిమీటలు కూడ నుండును. మనిషి లేని వేళ గడియారమే పాడును. మేకులు గ్రుచ్చిన పెద్ద పీపా తిరుగుచుండగా ఒక్కొక్క మేకు ఒక్కొక్క సుత్తిని ఎత్తి విడుచును. 1878లో పూర్తియైన బొంబాయి రాజాబాయి గోపురము చర్చిది కాకున్నను, అందును 16 గంటలతో పాటలు పాడించు ఏర్పాటు చేసిరి.

అసలు కష్టము శ్రుతిలో నున్నది. తంబుర తీగవలె గంటను బిగింపలేము, సడలింపలేము. పోతపోసిన పిమ్మట లోపలివైపు లోహమును తరిగి స్వరమును దింపవలెను. ఎక్కువ తరిగినచో మరల కరిగించుటయే గతి. రాగి, తగరము కలిసిన కంచు ఎంత మొండిదో మన బుడితి పనివారిని అడుగుడు! హాలండు దేశమున హెమోనీ సోదరులు 1644లో జుట్ఫెను పట్టణమున తొలిసారిగా శ్రుతిశుద్ధమైన గంటల వరుసను నిలిపిరి.

గంటలో ఒక చిత్రము కలదు. షడ్జమునకు పోసిన గంట సాధారణ గాంధారమును కూడ వెంట పలుకును. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా నుండిన సంగీత కళాశాల గల ఊరి చెవికి ఇది ఎట్లుండును? హిందోళమునకు ఆ గాంధారము కలసివచ్చును. మోహనమున అంతర గాంధారము మ్రోగించినచో, షడ్జపు గంట దానితో తగవు పెట్టుకొనును. 1980ల దశకమున నెదర్లాండ్సులో అంతర గాంధారమే పలుకు గంటలను కూడ పోసిరి. సరే, మరి గమకము? మ్రోగిన గంటను జార్పలేము, నడుమ ఆపనులేము. స్వరములు కదలవను ఆక్షేపణతోనే గదా, 1940 నుండి 1971 వరకు మన రేడియోలో హార్మోనియమునకు చోటు లేకపోయినది.

నా మట్టుకు నేను గమకము కోరను. హిందోళమున నాలుగు స్వరములు, చౌకకాలమున, ఒక సాయంకాలము అంత ఎత్తునుండి వినిన చాలును.