మొదటి రక్తపరీక్ష కాగితం



వృషణంలో గట్టి గడ్డ చేతికి తగిలితే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట వరిబీజం. నొప్పి లేదు గనుక తొందర లేదనుకుంటారు. సిగ్గుచేత ఇంట్లోవారికి సైతం చెప్పరు. కాని వృషణ క్యాన్సర్ తరచుగా నొప్పి లేని గడ్డగానే మొదలవుతుంది. అదీ ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్లలోపు వారికి, అంటే ఊరు విడిచి నగరంలో పనికి కుదిరే వయసువారికే వస్తుంది.

అనుమానం కలిగితే వైద్యులు స్కానింగుతో పాటు మూడు రక్తపరీక్షలు రాస్తారు: ఏ.ఎఫ్.పి., బీటా హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. ఏ రాష్ట్రంలో చూపించుకున్నా ఈ పొడి అక్షరాలు మారవు.

ఏ.ఎఫ్.పి. గర్భస్థ శిశువు కాలేయంలో తయారయ్యే ప్రోటీను. పుట్టిన తరువాత క్రమంగా అడుగంటిపోతుంది. హెచ్.సి.జి. గర్భిణి మావి నుంచి వెలువడే హార్మోను. మందుల దుకాణంలో దొరికే గర్భనిర్ధారణ పట్టీ వెతికేది దానినే. యువకుని చీటీలో ఈ పరీక్ష చూసి ల్యాబువారు పొరబడ్డారని నవ్వుకునేవారున్నారు. అది పొరబాటు కాదు. బీజకణాలు దారితప్పి గడ్డగా పెరిగినప్పుడు, గర్భంతో ముడిపడిన ఈ పదార్థాలను అవి తయారుచేయవచ్చు. ఎల్.డి.హెచ్. ఈ వ్యాధికే ప్రత్యేకమైనది కాదు. వ్యాధి భారమెంతో అంచనా వేయడానికి తోడ్పడుతుంది.

అంకెలు మామూలుగా ఉన్నంత మాత్రాన ఊరట చెందరాదు. సెమినోమా అనే రకంలో ఏ.ఎఫ్.పి. పెరగదు, హెచ్.సి.జి. కొందరిలోనే పెరుగుతుంది. మరోవైపు, కాలేయ వ్యాధిలో కూడా ఏ.ఎఫ్.పి. పెరగవచ్చు.

ఈ పరీక్షల అసలు విలువ పోలికలో ఉంది. శస్త్రచికిత్సకు ముందు ఒకసారి, వృషణం తొలగించిన తరువాత మళ్లీ రక్తం తీస్తారు. గడ్డ పూర్తిగా పోయి ఉంటే ఏ.ఎఫ్.పి. సుమారు 5 నుంచి 7 రోజులకు, హెచ్.సి.జి. ఒకటి ఒకటిన్నర రోజుకు సగమవుతూ రావాలి. ముందు ఏ.ఎఫ్.పి. 800 ఉందనుకోండి. వారానికి 400, ఆపై 200, 100, నాలుగో వారానికి 50. ఆ 50 మామూలు కన్నా ఎక్కువే, అయినా సరైన బాటలోనే ఉంది. అదే నాలుగో వారంలో 300 దగ్గర ఆగిపోతే, కడుపులోని లసికా గ్రంథులలోనో ఊపిరితిత్తులలోనో వ్యాధి మిగిలి ఉండవచ్చునని వైద్యులు వెతుకుతారు. ముందటి 800 తెలియకపోతే, 50 చూసి దిగుతోందో ఎక్కుతోందో ఎవరు చెప్పగలరు?

వలస బతుకులో చిక్కంతా ఇక్కడే. గడ్డ బయటపడింది ఈ నగరంలో, ఆపరేషను సొంత జిల్లాలో, కీమో మరొకచోట. మొదటి కాగితం అద్దె గదిలోని పెట్టె అడుగున ఉండిపోతుంది. కాబట్టి ఆపరేషను ఎక్కడ జరిగినా, అంతకు ముందే రక్తం తీశారా అని అడగాలి. కోత సాధారణంగా గజ్జ దగ్గర పెడతారు. వృషణసంచిలోకి సూది గుచ్చి ముక్క తీయడం తగదు.

ఒక వృషణం తీసివేస్తే సంసారజీవితం ముగిసినట్టేనన్న భయం అనవసరం. రెండవది ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా సరిపోతుంది. కీమోకు ముందు వీర్యాన్ని భద్రపరచుకునే వీలు గురించి అడగడంలో సిగ్గుపడవలసినది లేదు.

1974లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌ను మరి రెండు మందులతో కలిపి ఇవ్వడం ఆరంభించారు. అప్పటినుంచి ఒళ్లంతా పాకిన వ్యాధి కూడా చాలామందిలో నయమవుతోంది. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు ఛాతీలో వచ్చిన గడ్డ ఈ బీజకణ జాతిదే. 2012లో కీమో పూర్తిచేసుకుని ఆ ఏడాదే మైదానానికి తిరిగివచ్చారు.

చికిత్స ముగిసిన తరువాత కూడా ఈ పరీక్షలు కొన్నేళ్లపాటు సాగుతాయి. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించుకోవడం మేలు. మారక తప్పకపోతే పాత కాగితాలన్నిటినీ, తేదీ, అంకె, దాని పక్కనున్న యూనిట్లు స్పష్టంగా కనిపించేలా ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో మరొకరికి కూడా పంపి ఉంచాలి.