పాత అంబాసిడర్‌కు ఏ ఇంజన్ ఆయిల్? నేను చేసిన తప్పుతో సహా

మా తెల్ల అంబాసిడర్‌ను మీరు ఇంతకుముందు వీడియోల్లో చాలాసార్లు చూశారు. "బ్రో, అందులో ఏ ఆయిల్ పోస్తున్నావు?" అని అడిగినవాళ్లు చాలామంది. ఇన్నాళ్లూ ఆ ప్రశ్నను తప్పించుకుంటూ వచ్చాను. ఎందుకంటే దానికి జవాబు చెప్పాలంటే, నేను తప్పు ఆయిల్ పోసి ఇంజన్ పాడు చేసిన సంగతి కూడా చెప్పాలి. సరే, ఈ రోజు చెప్పేస్తా.

ఇది 1978 మోడల్, మార్క్ 3, పెట్రోలు బండి. మా నాయన 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొని కర్నూలు నుంచి కడపకు, నంద్యాలకు ట్యాక్సీ తిప్పాడు. నా స్కూలు ఫీజు, మా అక్క పెళ్లి, నా బీటెక్‌లో మొదటి రెండేళ్లు, అన్నీ ఈ బండి సంపాదన నుంచే. తర్వాత నాయనకు మోకాళ్ల నొప్పులు వచ్చి బండి రేకుల షెడ్డులోకి పోయింది. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి వచ్చాక చేసిన మొదటి పని దాన్ని బయటికి తీయడం.

కార్బురేటరు, బ్రేకులు, వైరింగు అన్నీ చేయించాను. ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి నాయన "నలభై పోయించు, నేను ఎప్పుడూ నలభై పోస్తాంటి" అన్నాడు. నేను వినలేదు. నా కొత్త కారులో పోసే 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్ తెచ్చాను. ధర ఎక్కువ, డబ్బా మీద లేటెస్ట్ ఏపీఐ గ్రేడు. కొత్త గ్రేడు పాత గ్రేడ్ల పని కూడా చేస్తుందని నెట్‌లో చదివాను. మాలాంటి వాళ్లకు అదొక జబ్బు: లేటెస్ట్ వెర్షన్ వేస్తే అన్నీ సరిపోతాయనుకుంటాం. పాత కోడు మీద కొత్త లైబ్రరీ వేసి రాత్రంతా ఏడ్చిన రోజులు ఆ క్షణంలో గుర్తుకు రావు కదా.

వారం తిరక్కముందే బండి కింద నూనె మరకలు మొదలయ్యాయి. పాత బండి కదా, కారుతుందిలే అనుకున్నా. మే నెలలో మా మేనత్త వాళ్లింటికి కడపకు బయల్దేరినాం. నేను డ్రైవింగ్, పక్కన నాయన. ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల వరకు బాగానే పోయింది. ఆళ్లగడ్డ దాటినాక మధ్యాహ్నం, ఎండ నెత్తి మీద. ఏసీ లేదు, రేడియో లేదు. నాయన ఉన్నట్టుండి "ఏమబ్బీ, శబ్దం వినపడ్లా నీకు? ఆపు బండి" అన్నాడు. నాకేమీ వినపడలేదు. నిజంగా వినపడలేదు. పక్కకు తీసి న్యూట్రల్‌లో పెట్టినాక వినిపించింది: టాపెట్ల దగ్గర టకటకటక. నాయన ఎప్పుడో విడిగా బిగించుకున్న ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు దాదాపు కింద పడుకుంది.

రోడ్డు పక్కన లారీలు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. గేజ్ పుల్ల తీసి, నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది, "ఇదేంది సార్, నీళ్లు పోసినారా?" అన్నాడు. ఛాంబర్ నట్టు విప్పి మొత్తం దించేసి, లారీల్లో పోసే 15డబ్ల్యూ-40 పోశాడు. ముల్లు కొంచెం లేచింది. కడప ప్రయాణం మానుకుని, నలభై స్పీడు దాటకుండా వెనక్కి వచ్చినాం. దారంతా నాయన ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

కర్నూల్లో మా నాయన కాలం నుంచి అంబాసిడర్లు చూసే మేస్త్రీ ఉన్నాడు, నేను చాచా అంటాను. ఇంజన్ దించి చూపించాడు. బేరింగులు అరిగి లోపలి రాగి కనిపిస్తోంది. కామ్ షాఫ్ట్ మీద రెండు గుబ్బలు అరిగిపోయాయి. "చూడు బేటా, బేరింగులు నీ వల్ల పోలేదు, అవి ముందే ముసలివి. కానీ చిక్కటి నూనె వాటిని మోస్తాండె. నువ్వు ఆ నూనె తీసేసినావు" అన్నాడు. మొత్తం ఖర్చు 38 వేలు. కామ్ షాఫ్ట్ కోసం రెండు నెలలు వెతికినాం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని ఉంటుంది కదా, ఆ డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది. 5డబ్ల్యూ నూనెకు స్టార్టింగ్ పరీక్ష సున్నాకు 30 డిగ్రీలు కింద చేస్తారు. 20డబ్ల్యూకి సున్నాకు 15 డిగ్రీలు కింద. ఇప్పుడు చెప్పండి, కర్నూల్లో, కడపలో సున్నా ఎప్పుడు చూశాం? డిసెంబర్ తెల్లవారుజామున పదిహేను డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకునే వాళ్లం మనం. అంటే 5డబ్ల్యూ కోసం కట్టే అదనపు డబ్బు మనకు రాని మంచు కోసం కడుతున్నట్టే.

రెండో అంకె మనకు ముఖ్యం. ఇంజన్ వేడెక్కినాక, అంటే 100 డిగ్రీల దగ్గర, నూనె ఎంత చిక్కగా నిలబడుతుందో అది చెప్తుంది. 30 నంబరు నూనె ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది. 40 అయితే 12.5 నుంచి 16.3 లోపు. 50 అయితే 16.3 నుంచి 21.9 లోపు. ఈ కొలతను ఇంట్లో అర్థం చేసుకోవాలంటే ఒక చెంచా శనక్కాయ నూనె, ఒక చెంచా ఆముదం పళ్లెంలో పోసి వంచి చూడండి. రెండూ నూనెలే, పారే తీరు వేరు. మాటలో మాట, క్యాస్ట్రాల్ అనే పేరు వచ్చిందే ఆముదం నుంచి. ఆముదానికి ఇంగ్లీషులో క్యాస్టర్ కదా, మొదట్లో వాళ్లు ఇంజన్ నూనెలో ఆముదం కలిపేవాళ్లు.

ఇక్కడ నా బుర్ర తిరిగిన విషయం ఒకటుంది. నాయన చెప్పిన "నలభై", ఇప్పుడు షాపుల్లో దొరికే 20డబ్ల్యూ-40లోని నలభై, వేడెక్కినాక రెండూ ఒకే గ్రేడు. తేడా పొద్దున స్టార్ట్ చేసేటప్పుడే, మల్టీగ్రేడ్ త్వరగా పైకెక్కుతుంది. అంటే ఆయన చెప్పింది పాత మాట కాదు, కరెక్ట్ మాట.

సరే, చిక్కదనం ఎందుకు కావాలి? షాఫ్టుకు, బేరింగుకు మధ్య సన్నటి సందు ఉంటుంది. నూనె ఆ సందులో పొరలా నిలబడి షాఫ్టును మోస్తుంది. కొత్త కార్ల పంపు, సందులు, అన్నీ పల్చటి నూనెకు లెక్కేసి చేసినవి. అంబాసిడర్ ఇంజన్ బ్రిటన్‌లో బీఎంసీ వాళ్ల బీ-సిరీస్, 1489 సీసీ, 1950ల నాటి డిజైను. పైగా మా బండిలో అది లక్షల కిలోమీటర్లు తిరిగి అరిగింది. సందు పెద్దదై, నూనె పల్చనైతే, పంపు తోసింది తోసినట్టే కారిపోతుంది. మీటరు ముల్లు పడిపోవడమంటే అదే.

కారడం గురించి కూడా చెప్పాలి. ఈ ఇంజన్ వెనక వైపు కొత్త కార్లలాగా రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీద మరలాగా గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు నూనెను వెనక్కి, లోపలికి నెడుతుంది. ఆగినప్పుడు అడ్డం ఏమీ ఉండదు. పల్చటి నూనె పోస్తే మీ షెడ్డు బండలే చెప్తాయి. సింథటిక్ సీళ్లను తినేస్తుందని చాలామంది అంటారు, ఈనాటి సింథటిక్స్ విషయంలో అది నిజం కాదు. నా తప్పు సింథటిక్ పోయడం కాదు, పల్చటిది పోయడం. 20డబ్ల్యూ-50లో సింథటిక్ దొరికినా పోయొచ్చు, కానీ కారే ఇంజన్‌లో అంత ఖరీదైన నూనె ఎందుకు?

ఇంకొకటి జింకు. చాచా కామ్ షాఫ్ట్ చూపించినప్పుడు నాకు ఇది తెలీదు, తర్వాత చదివాను. అంబాసిడర్‌లో కామ్ గుబ్బ టాపెట్ మీద రుద్దుకుంటూ జారుతుంది, మధ్యలో రోలరు లేదు. ఆ రాపిడిని తట్టుకోవడానికి నూనెలో జింకు, ఫాస్ఫరస్ ఉన్న ఒక మందు కలుపుతారు, పేరు జెడ్‌డీడీపీ. ఫాస్ఫరస్ కొత్త కార్ల సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. అందుకే 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం గ్రేడు నుంచి దానికి 0.08 శాతం పరిమితి పెట్టారు. కానీ ఆ పరిమితి 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి నూనెలకే. 20డబ్ల్యూ-50కి వర్తించదు. అంటే నేను తెచ్చిన డబ్బా రెండు విధాలా తప్పే. ఆళ్లగడ్డ దగ్గర ఆ లారీ మేస్త్రీ పోసిన డీజిల్ ఆయిల్‌లో మాత్రం ఈ మందు మామూలుగా బాగానే ఉంటుంది. దారిలో ఇరుక్కుంటే లారీ 15డబ్ల్యూ-40 పోయడానికి భయపడొద్దు.

ఇప్పుడు మా బండిలో ఏం పోస్తున్నా? 20డబ్ల్యూ-50 మినరల్, ఫిల్టరుతో కలిపి సుమారు 4 లీటర్లు. లెక్క చూసి పోయకండి, గేజ్ పుల్ల చూసి పోయండి. ఇంజన్ కొత్తగా బోర్ చేయించి, బేరింగులు మార్చి ఉంటే 20డబ్ల్యూ-40 చాలు. షాపులో 20డబ్ల్యూ-50 అంటే బుల్లెట్ బండి ఆయిల్ తెచ్చి పెడతారు, అది తడి క్లచ్ జారకుండా చేసిన నూనె. ఇంజన్‌ను చంపదు గానీ, అడిగి కార్లది తీసుకోండి. డీజిల్ అంబాసిడర్ అయితే డబ్బా మీద సీ అక్షరంతో మొదలయ్యే గ్రేడు ఉండాలి.

ఏళ్ల తరబడి నిలబడిన బండి అయితే ఇంకో జాగ్రత్త. లోపల తారులాంటి మడ్డి ఉంటుంది. కొత్త నూనెలోని డిటర్జెంట్ దాన్ని కదిపి, నూనె దారుల్లో అడ్డం పెట్టొచ్చు. ఛాంబర్ దించి కడిగించండి. మొదటిసారి పోసిన నూనెను 500 కిలోమీటర్లకే మార్చేయండి. పారబోశానని బాధపడొద్దు. తర్వాత నేను 3000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మారుస్తున్నా.

బేతంచెర్ల, బనగానపల్లె వైపు తిరిగేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము మీకు తెలుసు, చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి. పాత అంబాసిడర్లలో గాలి ఫిల్టరు అడుగున నూనె గిన్నె ఉంటుంది, దుమ్ము అందులో పడి ఆగుతుంది. ఆ గిన్నె ఎండిపోతే దుమ్మంతా నేరుగా సిలిండర్లోకి, అక్కణ్నుంచి ఇంజన్ నూనెలోకి. అప్పుడు ఎంత మంచి ఆయిల్ పోసినా గరుకు కాగితంతో రుద్దినట్టే. ఆ గిన్నె కడిగి గుర్తు దాకా నూనె పోయడానికి పది నిమిషాలు. షెడ్డు నుంచి తీసినప్పుడు నేను అది కూడా చూడలేదు.

మొన్న జనవరిలో మళ్లీ కడపకు పోయినాం. మైదుకూరులో టీకి ఆగినప్పుడు నాయన బానెట్ ఎత్తి, గేజ్ పుల్ల తీసి, భుజం మీది తుండుతో తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. "ఏం పోసినావు?" అన్నాడు. చెప్పాను. "యాభై అన్నమాట. ఎండాకాలానికి బాగుంటాది" అని బానెట్ దించి, పోయి సీట్లో కూర్చున్నాడు. మేనత్త ఇంటికి చేరినాక న్యూట్రల్‌లో పెట్టి మీటరు చూశాను, ముల్లు నిలబడే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ20 పెట్రోలు, పాత కార్బురేటరు, రబ్బరు పైపుల సంగతి. ఉంటాను మరి.