కెమెరా కన్ను - రిఫరీ తీర్పు

ఆట యన్నప్పుడు గెలుపోటములు సహజము. కాని ఆటలో ఓడితిమనుకొనుటకును, తీర్పువలన ఓడితిమనుకొనుటకును చాల భేదమున్నది. మొదటిది కొన్నాళ్ళకు మరపునకు వచ్చును. రెండవది తరములు గడచినను మనస్సున ముల్లువలె నిలిచియుండును. ఫుట్‌బాల్ చరిత్రలో ఇట్టి ముండ్లు పెక్కు గలవు. వానిని తీయుటకే ఇటీవల వీడియో పరిశీలన యను పద్ధతి వచ్చినది. అది దేనిని చక్కదిద్దగలదో, దేనిని చక్కదిద్దజాలదో ఈ ప్రసంగమున విచారింతము.

1966 జూలై 30వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానమున ప్రపంచ కప్పు తుదిపోటీ జరిగినది. ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ జట్లు చెరి రెండు గోల్స్ చేసి సమానముగా నిలువగా అదనపు సమయము నిచ్చినారు. అప్పుడు జెఫ్ హర్‌స్ట్ తన్నిన బంతి గోలు అడ్డకమ్మికి తగిలి, నిలువుగా నేలబడి, బయటకు ఎగిరినది. అది గీతను పూర్తిగా దాటినదా? స్విట్జర్లండు రిఫరీ గాట్‌ఫ్రీడ్ డీన్‌స్ట్ తేల్చుకొనలేక, ప్రక్కగీత కడనున్న తోఫిక్ బహ్రామోవ్‌ను అడిగినాడు. ఆయన గోలే యన్నాడు. ఇంగ్లండు 4-2తో గెలిచినది. అజర్‌బైజాన్ రాజధాని బాకూలోని పెద్ద మైదానమునకు తరువాత బహ్రామోవ్ పేరు పెట్టినారు. జర్మనీలో మాత్రము ఆ గోలును గూర్చిన వాదము సమసిపోలేదు.

నలువది నాలుగేండ్లకు, 2010 జూన్ 27న, దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటీన్ నగరమున ఇంగ్లండు, జర్మనీ జట్లే మరల తలపడినవి. ఈసారి ఫ్రాంక్ లాంపార్డ్ తన్నిన బంతి అడ్డకమ్మికి తగిలి గీతకు లోపల పడుట లోకమెల్ల టెలివిజనులో చూచినది. రిఫరీ, ఆయన సహాయకులు మాత్రము చూడలేదు. గోలు ఈయలేదు. జర్మనీ 4-1తో గెలిచినది. ఆ తరువాత, 2012లో, గోలుగీతను కనిపెట్టు యంత్రములకు నియమకర్తలు అనుమతి నిచ్చిరి. బంతి గీత దాటిన వెంటనే రిఫరీ చేతి గడియారమునకు సూచన వచ్చును. ఈ విషయమున వివాదము దాదాపు అణగిపోయినది. కారణము స్పష్టమే: ప్రశ్న కేవలము కొలతకు సంబంధించినది; కొలతలో యంత్రము మనిషిని మించును.

ఇట్టి అన్యాయము మన దేశమునకును తటస్థించినది. 2024 జూన్ 11న దోహాలో ప్రపంచ కప్పు అర్హతపోటీలో భారత జట్టు కతారును ఎదుర్కొన్నది. గెలిచినచో మన జట్టు మొదటిసారిగా మూడవ దశలో అడుగిడెడిది. ఛాంగ్టే గోలుతో మనవారు ముందంజలో నుండిరి. 73వ నిమిషమున బంతి గోలు ప్రక్కగా గీత దాటి వెలుపలికి పోగా, కతారు ఆటగాడొకడు దానిని కాలితో లోనికి లాగినాడు. మరియొకడు గోలు చేసినాడు. మనవా రెంత మొరపెట్టుకొన్నను రిఫరీ ఆ గోలును నిలిపినాడు. ఆ పోటీలో వీడియో పరిశీలన లేదు. కతారు 2-1తో గెలిచినది. మన ఆశ అంతటితో ముగిసినది. వీడియో పరిశీలన ఏల కావలయునని అడుగువారికి ఈ ఒక్క నిదర్శనము చాలును.

2018 మార్చిలో ఈ పద్ధతి ఆట నియమములలో చేరినది. ఆ యేడు రష్యాలో జరిగిన ప్రపంచ కప్పులో అమలైనది. తెరల ముందు కూర్చుండిన సహాయ రిఫరీ ప్రతి చిన్న విషయమునందును జోక్యము చేసికొనరాదు. గోలు, పెనాల్టీ, నేరుగా చూపు ఎఱ్ఱకార్డు, ఒకరి తప్పునకు మరియొకరిని శిక్షించుట - అప్పటి నియమము ననుసరించి ఈ నాలుగింటియందే, అదియు స్పష్టమైన పొరపాటు జరిగినప్పుడో, గొప్ప తప్పిదము రిఫరీ కంటబడనప్పుడో చెప్పవలసియుండెను. తుది తీర్పు మైదానమునందలి రిఫరీదే. 1986లో మెక్సికోలో మారడోనా చేతితో చేసిన గోలు ఈ పద్ధతి యుండినచో నిలిచెడిది కాదు.

అయితే అన్ని ప్రశ్నలును కొలతకు లొంగునవి కావు. 2018 జూలై 15న మాస్కోలో జరిగిన తుదిపోటీలో బంతి క్రొయేషియా ఆటగాడు పెరిషిచ్ చేతికి తగిలినది. రిఫరీ పిటానా గీత వెలుపలనున్న తెరవద్దకు పోయి, పలుమారులు చూచి, ఫ్రాన్సుకు పెనాల్టీ ఇచ్చినాడు. చేయి తగిలినదా యన్నది కొలత. అది శిక్షింపదగిన తప్పా యన్నది విచక్షణ. కెమెరా మొదటిదానికి ఉత్తర మీయగలదు. రెండవదానిని మరల మనిషికే అప్పగించును. పైగా బొమ్మను మెల్లగా నడిపినప్పుడు అప్రయత్నముగా కదలిన చేయియు ఉద్దేశపూర్వకముగా చాచినట్లే తోచును. అందుకే తాకిడి ఎచ్చట జరిగినదో తెలిసికొనుటకు మెల్లని బొమ్మను, దాని తీవ్రతను తెలిసికొనుటకు సహజవేగపు బొమ్మను చూడవలెనని నిబంధన చేసినారు.

కొలతకును ఒక హద్దు కలదు. ఆఫ్‌సైడ్ విషయమే చూడుడు. సహచరుడు బంతిని తన్నిన క్షణమున ముందున్న ఆటగాడు ఎచ్చట నున్నాడో నిర్ణయింపవలెను. కెమెరా సెకనుకు 50 బొమ్మలు తీయుననుకొందము. సెకనుకు 8 మీటర్లు పరుగెత్తువాడు ఒక బొమ్మకును మరుబొమ్మకును నడుమ 16 సెంటీమీటర్లు సాగిపోవును. బంతి కాలిని విడిచినది ఆ రెండు బొమ్మల నడుమ కావచ్చును. అట్టిచో బొటనవ్రేలి కొస మాత్రము గీత దాటినదని గోలును కొట్టివేయుట న్యాయమా? 2022లో కతారున జరిగిన ప్రపంచ కప్పులో పైకప్పు క్రింద 12 కెమెరాలు అమర్చి, బంతిలో సెకనుకు 500 మారులు సమాచారము పంపు సాధనము నుంచినారు. దీనితో సందేహము చాలవరకు తగ్గినది, బొత్తిగా పోలేదు.

యంత్రము సరిగా చూపినను మనుష్యులు పొరబడవచ్చును. 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్, లివర్‌పూల్ జట్ల పోటీలో లూయిస్ డియాజ్ చేసిన గోలును మైదానమున ఆఫ్‌సైడని కొట్టివేసిరి. వీడియో గదిలోనివారు అది ఆఫ్‌సైడ్ కాదని సరిగానే కనుగొన్నారు. కాని మైదానమున గోలు ఇచ్చినారని భ్రమపడి, పరిశీలన ముగిసినదని చెప్పిరి. ఆట సాగిపోయినది, గోలు పోయినది. లివర్‌పూల్ 2-1తో ఓడినది. రిఫరీల సంస్థ తప్పు నొప్పుకొన్నను ఫలితము మారలేదు.

ఇట్టి లోపములకు విసిగి ఒక క్లబ్బు ఈ పద్ధతిని ఎత్తివేయుమని కోరగా, 2024 జూన్‌లో ఇంగ్లండు ప్రీమియర్ లీగు క్లబ్బులు 19-1 ఓట్లతో దానిని నిలుపుకొన్నవి. అది ఉచితమే యని మా అభిప్రాయము. దోహావంటి అన్యాయమును తప్పించు సాధనమును చేజేతుల పారవేయరాదు. కాని వెండ్రుకవాసి తేడా వచ్చినచోట గోలును నిలుపుటయే మేలు. రక్షకునితో సమరేఖలో నున్నవాడు ఆఫ్‌సైడ్ కాడని 1990లో నియమము మార్చుటలోని ఉద్దేశమును అదే కదా! మరియు తీర్పునకు కారణమును ప్రేక్షకులకు వినిపింపవలెను. 2023లో జరిగిన మహిళల ప్రపంచ కప్పులో రిఫరీలు మైక్రోఫోనులో తమ నిర్ణయమును ప్రకటించిరి. కారణము విన్నవానికి ఓటమి కొంత తేలికయగును.

శ్రోతలు ఇకపై ఇట్టి వివాదము వినవచ్చినప్పుడు ముందుగా ఒక ప్రశ్న వేసికొందురుగాక: ఇది కొలవదగిన విషయమా, విచక్షణతో నిర్ణయింపదగిన విషయమా? కొలవదగినదైనచో కెమెరాను నమ్ముదము. కానిచో, పరుగెత్తి, దగ్గరనుండి చూచి, క్షణములో తీర్పు చెప్పవలసిన ఆ రిఫరీయెడ కొంత ఓరిమి వహింతము.