పేరున్నోళ్ళకి పిలుపు, మన పిల్లలకి వడపోత

(ఐనవిల్లి పేటలో జరిగిన సభలో మా సంఘం తరఫున చేసిన ఉపన్యాసం)



హవాయి దీవుల్లో కోనా అనేచోట ఐరన్‌మ్యాన్ అని ఒక పోటీ ఉందండి. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, గట్టెక్కగానే 180 కిలోమీటర్లు సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల పరుగు. అంతా 17 గంటల్లో అయిపోవాలి. మామూలు మనిషి అందులో దిగాలంటే ముందు వేరేచోట ఇలాంటి పోటీయే చేసి, తన వయసువాళ్ళలో ముందు నిలవాలి. టీవీలో వంటలు చేసే గార్డన్ రామ్సేకి, మంచుమీద స్కేటింగు చేసే అపోలో ఓనోకి మాత్రం పిలిచి చోటిచ్చారు.

ఓనో 2014లో పది గంటల లోపే ముగించాడు. వాళ్ళకి చేతకాదని మేము అనడం లేదు. ఆ ఎండలో వాళ్ళ బదులు ఇంకొకడు పరిగెత్తడు గదా! మా పేచీ అంతా గేటు దగ్గరే. సామాన్యుడికి లాటరీ ఒకటుండేది. డబ్బు కట్టించుకుని చీటీ తీయడం చట్టవిరుద్ధమని అమెరికా సర్కారు అనేసరికి 2015లో అదీ పోయింది.

ఇదంతా మనకెందుకంటారా? 1990లో మండల్ రోజులు గుర్తు చేసుకోండి. రిజర్వేషన్లొస్తే ప్రతిభ చచ్చిపోతుందని రోడ్లూడ్చి, బూట్లు తుడిచి చూపించారు. ఆ పనులు ఎవరివని వాళ్ళ ఉద్దేశమో వేరే చెప్పాలా? రిజర్వేషన్ సీటుకైనా పరీక్ష ఉంది, మార్కులున్నాయి. పేరున్నోడికి ఏ పరీక్షా లేకుండా చోటిస్తే ప్రతిభ సంగతి ఒక్కడూ ఎత్తడు. దాన్ని ఆహ్వానం అంటారు, మర్యాద అంటారు.

మన పిల్లల పిలుపు ఎలాంటిదో చూడండి. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. ఒకరు గిరిజన బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్ళే. ఖర్చు సర్కారు పెట్టింది. అదీ పిలుపే గదా అని అడిగేవాళ్ళున్నారు. పిలుపే! కానీ భువనగిరి బండలమీద వందమందికి పైగా పిల్లల్ని ఎక్కించి, అందులోంచి వడగట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించి, లడఖ్ చలిలో ఉంచి, అప్పుడు పంపారు. ఈ ఇద్దరూ అన్నీ దాటుకునే ఎక్కారు.

అందుకని పిలుపు సీట్లు అసలొద్దని మేము అనం. ఇచ్చేది ఎవరికి అన్నదే మాట. కొబ్బరి దింపుకెళ్ళే మనోళ్ళు పొద్దుణ్ణించీ ఎన్ని చెట్లు ఎక్కి దిగుతారో మీకు తెలుసు. మన పేటల్లో ఓపికకి కరువు లేదు. లేనిది సైకిలు, బూట్లు, నేర్పేవాడు, ఎంట్రీ ఫీజు.

కార్యకర్తలకి ఒక పని చెబుతున్నాం. మన చుట్టుపక్కల ఎక్కడ పరుగుపందెం పెట్టినా ముందు వరస నంబర్లు ఎవరికిచ్చారో అడగండి. సినిమా హీరో వస్తే జెండా ఊపమనండి, దండం పెడదాం. పోటీలో పరిగెడతానంటే అందరిలాగే టైము చూపించమనండి. వచ్చే సమావేశానికి హాస్టళ్ళలో బాగా పరిగెత్తే, ఈతకొట్టే పిల్లల పేర్లు రాసుకు రండి. ఆడపిల్లల పేర్లు మర్చిపోవద్దు.